సగం మోతాదుకి సగం మార్పేనా?

ఆరోగ్యం మీద ఉపన్యాసం అయిపోయి జనం వెళ్లిపోతుంటే, కుర్చీలు సర్దే వేళకి ఒకరిద్దరు మిగిలిపోతారు. నలుగురి ముందు నోరు విప్పలేని ప్రశ్నలు వాళ్ల దగ్గరుంటాయి. అలాంటి ప్రశ్నల్లో ఇదొకటి: “నేను పూర్తిగా ఆడా కాదు, పూర్తిగా మగా కాదు అనిపిస్తుంది. హార్మోన్ మందు కొంచెం కొంచెంగా వేసుకుంటే మధ్యలో ఎక్కడైనా ఆగొచ్చా? సగం మోతాదు తీసుకుంటే సగం మార్పే వస్తుందా?” పక్కన తల్లో తండ్రో ఉంటే ఇంకో ప్రశ్న తోడవుతుంది: “మానేస్తే మళ్లీ మామూలుగా అయిపోతుందా?”

రెండూ మంచి ప్రశ్నలే. ఒక్క ముక్కలో ‘అవును’ అన్నా తప్పే, ‘కాదు’ అన్నా తప్పే. జవాబు కావాలంటే మన ఒంట్లో హార్మోన్లు ఎలా పనిచేస్తాయో ముందు తెలుసుకోవాలి. దారి పొడవునా తోడుంటారని సత్య అనే ఒకరిని ఊహించుకుందాం. వయసు 26. విజయవాడలో ఒక ముద్రణాలయంలో పుస్తకాల పేజీలు కూర్చే ఉద్యోగం. పుట్టినప్పుడు ఆసుపత్రి కాగితంలో ఆడపిల్ల అని రాశారు. తోటివాళ్లు ‘అక్కా’ అన్నా, ‘అన్నా’ అన్నా, సత్యకు వేరొకరి కొలతలకు కుట్టిన చొక్కా తొడుక్కున్నట్టు ఉంటుంది. మగవాడిగా మారిపోవాలని లేదు. ఫోన్‌లో తన గొంతు తానే విన్నప్పుడల్లా అది తనది కాదనిపిస్తుంది. గొంతు కాస్త దిగితే చాలు, గడ్డం మాత్రం వద్దు. ఇదీ సత్య కోరిక. ఇలా రెండు గదుల్లో దేనిలోనూ ఇమడనివాళ్లను ఇప్పుడు నాన్‌బైనరీ వ్యక్తులు అంటున్నారు.

రక్తంలో తిరిగే కబుర్లు

1849లో జర్మనీలోని గోటింగెన్‌లో ఆర్నాల్డ్ బెర్తోల్డ్ అనే శాస్త్రవేత్త కోడిపుంజుల మీద ఒక ప్రయోగం చేశాడు. వృషణాలు తీసేసిన పుంజులకు నెత్తిమీది ఎర్రని జుట్టు కుంచించుకుపోయింది, కూత పోయింది, పోట్లాడే గుణం పోయింది. కొన్నిటికి తీసిన వృషణాన్ని పొట్టలోనే వేరేచోట అమర్చాడు. పాత నరాలతో దానికి ఏ సంబంధమూ లేదు. అయినా ఆ పుంజులకు జుట్టు మళ్లీ ఎర్రబడింది, కూత తిరిగొచ్చింది. నరాలు లేకుండా సమాచారం చేరిందంటే, రక్తమే మోసుకెళ్లిందన్నమాట.

అలా రక్తంలో ప్రయాణించే పదార్థాలకు 1905లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ స్టార్లింగ్ ‘హార్మోన్’ అనే పేరు పెట్టాడు. ప్రేరేపించడం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి దాన్ని తీసుకున్నాడు. మనం తేలిగ్గా ‘కబురు రసాయనం’ అనుకోవచ్చు. ఒకచోట పుడుతుంది, ఒళ్లంతా తిరుగుతుంది, కబురు చెబుతుంది.

అయితే కబురు అందరికీ వెళ్లినా అందరూ వినరు. ఊళ్లో దండోరా వేస్తే ఎవరికి సంబంధించిన మాట వాళ్లే చెవిన వేసుకున్నట్టు, ఆ కబురును అందుకునే ‘చెవి’ ఉన్న కణమే స్పందిస్తుంది. ఈ చెవినే శాస్త్రంలో గ్రాహకం, ఇంగ్లీషులో రిసెప్టర్ అంటారు. ఇది ఎంత ముఖ్యమో ఒక ఉదాహరణ చూడండి. కొందరు ఎక్స్‌వై క్రోమోజోములతో పుడతారు. వాళ్ల శరీరం టెస్టోస్టిరాన్ తయారుచేస్తుంది కూడా. కానీ దాన్ని అందుకునే గ్రాహకం పనిచేయదు. కబురు ఊరంతా తిరిగినా వినే చెవి లేదు కనక ఆ శరీరం బయటికి ఆడ శరీరంగానే పెరుగుతుంది.

ఇక ‘మగ హార్మోన్’, ‘ఆడ హార్మోన్’ అనే పేర్ల సంగతి. టెస్టోస్టిరాన్ మగవాళ్ల సొత్తు, ఈస్ట్రోజెన్ ఆడవాళ్ల సొత్తు అని మనకు అలవాటైపోయింది. నిజానికి రెండూ అందరి రక్తంలోనూ ఉంటాయి. వంద మిల్లీలీటర్ల రక్తంలో ఎదిగిన మగవాళ్లకు సుమారు 300 నుంచి 1000 నానోగ్రాముల టెస్టోస్టిరాన్ ఉంటే, ఆడవాళ్లకు 15 నుంచి 70 దాకా ఉంటుంది. తేడా పెద్దదే, కానీ అది ఉండటానికీ లేకపోవడానికీ మధ్య తేడా కాదు, ఎక్కువ తక్కువల తేడా. పైగా ఈస్ట్రోజెన్‌ను మన శరీరం టెస్టోస్టిరాన్ లాంటి హార్మోన్ల నుంచే తయారుచేసుకుంటుంది. నెలసరి ఆగిపోయిన అమ్మమ్మ రక్తంలో కంటే పక్కన పడక్కుర్చీలో కూర్చున్న తాతయ్య రక్తంలో ఈస్ట్రోజెన్ ఎక్కువ ఉండటం మామూలే. అంతమాత్రాన తాతయ్య తాతయ్య కాకుండా పోలేదు.

మగవాళ్లకు ఈస్ట్రోజెన్‌తో పనేమిటి అంటారా? 1994లో అమెరికా వైద్యులు 28 ఏళ్ల ఒక పురుషుడి గురించి రాశారు. ఆయన శరీరంలో ఈస్ట్రోజెన్ గ్రాహకం పనిచేయదు. 204 సెంటీమీటర్ల పొడవు ఉన్నాడు, ఆ వయసులోనూ ఇంకా పొడవు పెరుగుతూనే ఉన్నాడు. ఎముకలు గుల్లబారి ఉన్నాయి. ఎముక ఎదుగుదల సరైన వేళకు ఆగాలన్నా, ఎముక గట్టిపడాలన్నా ఈస్ట్రోజెన్ కబురు అందాలి. ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా ఇదే నియమం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందుముందు మళ్లీ అవసరమవుతుంది.

తోడు పెట్టిన పాలు

సత్య ఎండోక్రినాలజిస్టు దగ్గరికి వెళ్లారు. హార్మోన్ల డాక్టరు అన్నమాట. రక్తపరీక్షలయ్యాక చర్మానికి రాసుకునే టెస్టోస్టిరాన్ జెల్‌ను తక్కువ మోతాదులో మొదలుపెట్టారు. రోజూ పొద్దున్నే స్నానం చేసి, ఒళ్లు తుడుచుకుని, భుజాల మీద పలచగా రాసుకోవడం, వెంటనే సబ్బుతో చేతులు కడుక్కోవడం. జెల్ ఆరేదాకా ఫ్యాను కింద నిలబడటం. ఆ తర్వాతే చొక్కా. ఇంట్లో అక్క కూతురు చిన్నది ఉంది, పరుగున వచ్చి మెడకు చుట్టుకుంటుంది. జెల్ రాసిన చర్మం పిల్లల ఒంటికి తగిలితే ఆ మందు వాళ్లలోకీ వెళ్తుంది, అందుకే ఈ జాగ్రత్త. పాపను ఎత్తుకునే ముందు చొక్కా గుండీలు మెడదాకా ఉన్నాయో లేదో సత్య చూసుకుంటారు.

మరి ఇప్పుడు ఏం జరుగుతుంది? పూర్తి మోతాదు తీసుకునేవాళ్లను గమనించి వైద్యులు ఒక కాలపట్టిక వేశారు. టెస్టోస్టిరాన్‌తో మొదటి ఆరు నెలల్లో చర్మం జిడ్డెక్కి మొటిమలు వస్తాయి, నెలసరి ఆగుతుంది, గొంతు బరువెక్కడం మొదలవుతుంది. గొంతు మార్పు ఏడాది రెండేళ్లలో పూర్తవుతుంది. ముఖం మీద, ఒంటిమీద వెంట్రుకలు ఆరు నెలలు దాటాక మొదలై ఐదేళ్ల దాకా, ఆ తర్వాత కూడా పెరుగుతూ ఉంటాయి. కొవ్వు తొడల నుంచి పొట్టవైపు జరగడానికి రెండు నుంచి ఐదేళ్లు. ఈస్ట్రోజెన్ తీసుకునేవాళ్లలో మూడు నుంచి ఆరు నెలల్లో చర్మం మెత్తబడుతుంది, రొమ్ముల ఎదుగుదల మొదలవుతుంది, అది పూర్తి కావడానికి రెండు నుంచి ఐదేళ్లు పట్టొచ్చు. ఒకప్పుడు దిగిన గొంతు మాత్రం ఈస్ట్రోజెన్‌తో పైకి రాదు. దానికి ముఖ్యమైన దారి స్వరసాధన. ఈడు వచ్చిన పిల్లల్లో ఈ మార్పులకు ఎన్నేళ్లు పడతాయో, ఇక్కడా దాదాపు అన్నేళ్లే పడతాయి.

మోతాదు తగ్గిస్తే? పాలు తోడు పెట్టడం మనందరికీ తెలుసు. గోరువెచ్చని పాలలో చెంచాడు మజ్జిగ కలిపితే తెల్లారేసరికి పెరుగు. నాలుగు చుక్కలే కలిపితే మధ్యాహ్నానికో సాయంత్రానికో పెరుగు. చలికాలం ఒకలా, ఎండాకాలం ఒకలా. తోడు ఎంత వేస్తామన్నది మన చేతిలోనే ఉంది. కానీ తోడు తక్కువ వేశాం కదా, గిన్నెలో ఈ పక్క పెరుగు కావాలి, ఆ పక్క పాలుగానే ఉండాలి అంటే కుదరదు. తోడు గిన్నె అంతా వెళ్తుంది.

హార్మోన్ కూడా అంతే. వేగం మన చేతిలో ఉంటుంది, జాబితా మన చేతిలో ఉండదు. తక్కువ మోతాదుతో మార్పులు నెమ్మదిగా వస్తాయి, కొన్ని కొంతమేరకే రావచ్చు. కానీ గొంతు దిగాలి, గడ్డం రాకూడదు అని ఏరుకునే వీలు లేదు. ఎవరికి ఏది ముందొస్తుందన్నది వాళ్ల కణాల చెవుల్ని బట్టి, వంశాన్ని బట్టి ఉంటుంది. తండ్రి వైపు మగవాళ్లకు పద్దెనిమిదేళ్లకే దట్టమైన గడ్డమైతే, సత్యకూ అది తొందరగా రావచ్చు. మేనమామలకు ముప్పైకే నెత్తిమీద జుట్టు పలచబడితే, అదీ రావచ్చు.

అయితే నెమ్మదిగా వెళ్లడంలో ఉన్న లాభం చిన్నది కాదు. మార్పు నెమ్మదిగా వస్తే గమనించే వ్యవధి ఉంటుంది. తోడు పెట్టిన పాలను గంటకోసారి మూత తీసి చూసుకున్నట్టు, ‘ఇక్కడికి చాలు’ అనిపించినచోట ఆగే అవకాశం ఉంటుంది.

ఏది వెనక్కి వెళ్తుంది, ఏది వెళ్లదు?

ఎనిమిదో నెలలో ఒక రోజు అమ్మ ఫోన్ చేసింది. “గొంతేంటి బొంగురుగా ఉంది, జలుబు చేసిందా నాన్నా? శొంఠి కాఫీ పెట్టుకో” అంది. సత్య నవ్వారు. ఆ గొంతును రికార్డు చేసుకుని, మొదటి నెలలో రికార్డు చేసుకున్నదాని పక్కన పెట్టి విన్నారు. వీణలో సన్నని తీగె పక్కన మందర తీగె పలికినట్టు ఉంది. అదే పోలిక అక్షరాలా నిజం కూడా. టెస్టోస్టిరాన్‌తో స్వరతంత్రులు దళసరి అవుతాయి, దళసరి తీగె నెమ్మదిగా కంపిస్తుంది, అందుకే స్వరం దిగుతుంది. అదే నెలలో గడ్డం కింద నాలుగు నల్లని వెంట్రుకలు కూడా కనిపించాయి. సత్య డాక్టరుతో మాట్లాడి మందు ఆపారు.

ఇప్పుడు తల్లిదండ్రులు అడిగే రెండో ప్రశ్న దగ్గరికి వచ్చాం. కాలువకు నీళ్లు ఆపేస్తే గట్టుమీది పచ్చిక ఎండిపోతుంది, కానీ ఆ నీళ్లు కోసిన దారి కోసినట్టే ఉంటుంది. హార్మోన్ తెచ్చే మార్పుల్లో కొన్ని పచ్చిక లాంటివి, కొన్ని కాలువ దారి లాంటివి.

మందు ఆపాక సత్యకు కొన్ని నెలల్లో నెలసరి తిరిగొస్తుంది. చర్మం జిడ్డు తగ్గుతుంది. కొవ్వు, కండ నెమ్మదిగా పాత తీరుకు వస్తాయి. ఇవి పచ్చిక. దళసరి అయిన స్వరతంత్రులు మళ్లీ సన్నబడవు, గొంతు ఉన్నచోటే ఉంటుంది. నూగు ముదిరి వెంట్రుకగా మారినచోట ఆ కుదురు అలాగే ఉంటుంది, కావాలంటే లేజరుతోనో విద్యుత్ సూదితోనో తీయించుకోవాలి. ఈస్ట్రోజెన్‌తో పెరిగిన రొమ్ము కణజాలం కూడా మందు ఆపినంత మాత్రాన పూర్తిగా పోదు. ఇవి కాలువ దారులు.

సత్య కోరుకున్న గొంతు ఈ రెండో జాబితాలోదే. అందుకే కొన్ని నెలలు వాడి ఆపడం తనకు కుదిరింది. కోరుకున్నది మొదటి జాబితాలోదైతే, అది ఉండాలనుకున్నన్నాళ్లూ మందు సాగాల్సిందే. మొదలుపెట్టేముందు ఒక కాగితం మీద రెండు నిలువు వరసలు గీసి, నాకు కావలసింది ఏ వరసలో ఉంది, వద్దనుకున్నది ఏ వరసలో ఉంది అని రాసుకోవడం వెయ్యి మాటల సలహా కంటే మేలు.

పిల్లల్ని కనే శక్తి గురించి ఒక మాట. టెస్టోస్టిరాన్ వల్ల నెలసరి ఆగినా గర్భం రాదన్న హామీ లేదు. అది గర్భనిరోధక సాధనం కాదు. వాడుతుండగా గర్భం వస్తే కడుపులో బిడ్డకు హాని. ఈస్ట్రోజెన్ వాడేవాళ్లలో వీర్యకణాలు తగ్గుతాయి, ఆపాక అందరికీ తిరిగొస్తాయని చెప్పలేం. పిల్లలు కావాలన్న ఆలోచన ఏ మూలనున్నా వీర్యాన్నో అండాలనో మందు మొదలుకాకముందే భద్రపరచుకోవడం మంచిది.

నడుమ ఉండటం ఖాళీగా ఉండటం కాదు

“నాకు ఏ హార్మోనూ వద్దు, రెండూ తగ్గించేస్తే నడుమ ఉంటాను కదా” అని కొందరు అనుకుంటారు. ఇక్కడే 204 సెంటీమీటర్ల ఆ మనిషిని గుర్తు తెచ్చుకోవాలి. శరీరం టెస్టోస్టిరాన్ నుంచి ఈస్ట్రోజెన్ చేసుకుంటుంది కనక రెండిట్లో ఏదో ఒకటి ఉంటే చాలు, ఏదీ చాలినంత లేకపోతే ఎముక గుల్లబారుతుంది. నెలసరి ఆగాక ఆడవాళ్లకు నడుము వంగి, జారిపడితే తుంటి ఎముక విరగడం వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి. హిజ్రా సంప్రదాయంలో నిర్వాణం పేరుతో జననాంగాలు తీయించుకున్నవాళ్లు ఆ తర్వాత ఏ హార్మోనూ లేకుండా ఏళ్లకేళ్లు గడిపితే వాళ్లకూ ఇదే ప్రమాదం. పాతికేళ్లకు చేసిన పని ఫలితం యాభై ఏళ్లకు తుంటిలో, నడుములో తెలుస్తుంది. నడుమ ఉండటమంటే రెండు పొయ్యిలూ ఆర్పడం కాదు, ఏదో ఒకదాని మీద అన్నం ఉడకాలి.

ఇక రక్తం సంగతి. టెస్టోస్టిరాన్ ఎర్రకణాలను పెంచి రక్తాన్ని చిక్కబరుస్తుంది. ఈస్ట్రోజెన్ మాత్రలు కొందరిలో రక్తం గడ్డకట్టే ముప్పు పెంచుతాయి, సిగరెట్ తాగేవాళ్లలో ఆ ముప్పు ఇంకా ఎక్కువ. చర్మం మీద అంటించే పట్టీలతో, జెల్‌తో ఇది తక్కువ. అందుకే మొదటి ఏడాది మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేయిస్తారు. మోతాదు తక్కువ కదా, పరీక్ష ఎందుకు అనుకోకూడదు.

అన్నిటికంటే భయపెట్టేది సొంత వైద్యం. డాక్టరు దగ్గరికి వెళ్తే ఎగతాళి చేస్తారేమో, ఇంట్లో తెలిసిపోతుందేమో అని వెనకాడి, మందుల షాపులో గర్భనిరోధక మాత్రలు కొని రోజుకు మూడు నాలుగు మింగేవాళ్లు ఉన్నారు. చాలా గర్భనిరోధక మాత్రల్లో ఉండేది ఇథినైల్ ఈస్ట్రడయాల్ అనే కృత్రిమ ఈస్ట్రోజెన్. ఇది రక్తాన్ని గడ్డకట్టించే గుణం ఎక్కువగా ఉన్నది, అందుకే లింగభావనకు అనుగుణమైన చికిత్సలో వైద్యులు దీన్ని వాడరు. కాలిలో కట్టిన గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం పోవచ్చు. ఈ వాక్యం చదువుతున్నవాళ్లలో అలా మాత్రలు వేసుకుంటున్నవాళ్లుంటే, దయచేసి ఇవాళే ఆపి డాక్టరును కలవండి.

ఎవరి నడక వారిది

చాలాకాలం నెమ్మదిగా నడవాలనుకునేవాళ్లకు వైద్యం దారి ఇవ్వలేదు. ఈ చికిత్సకు అంతర్జాతీయ ప్రమాణాలు తొలిసారి రాసింది 1979లో. ఆ కాలపు పద్ధతుల్లో మనిషి ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకు పూర్తిగా చేరాల్సిందే. కోరుకున్న జెండర్‌లో కొన్నాళ్లు బతికి చూపించాలని వైద్యులు అడిగేవారు. నడుమ నిలబడేవాళ్లు ఏం బతికి చూపించాలి? మందు కావాలంటే అబద్ధమాడాలి, నిజం చెబితే మందు లేదు. 2022లో వచ్చిన ఆ ప్రమాణాల ఎనిమిదో కూర్పులో నాన్‌బైనరీ వ్యక్తుల కోసం ఒక అధ్యాయం ప్రత్యేకంగా చేర్చారు. అదే ఏడాది జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణలో, పుట్టినప్పుడు రాసిన జెండర్‌లో ఇమడకపోవడాన్ని మానసిక రుగ్మతల జాబితా నుంచి తీసేసి లైంగిక ఆరోగ్యం కిందికి మార్చారు.

మన దేశంలో సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న ఇచ్చిన నల్సా తీర్పు, మనిషి జెండర్ ఏదో నిర్ణయించుకునే హక్కు ఆ మనిషిదేనని, అందుకు శస్త్రచికిత్స చేయించుకోవాలని పట్టుబట్టకూడదని చెప్పింది. 2019లో పార్లమెంటు చేసిన చట్టం హార్మోన్ చికిత్సతో సహా వైద్య సదుపాయం కల్పించే బాధ్యత ప్రభుత్వాల మీద పెట్టింది. 2021లో హైదరాబాద్ నారాయణగూడలో ట్రాన్స్‌జెండర్ల కోసం మిత్ర్ క్లినిక్ మొదలైంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులే అక్కడ పనిచేసేవారు. అమెరికా నిధులు ఆగిపోవడంతో 2025 మొదట్లో అది మూతపడింది, తర్వాత సబ్‌రంగ్ పేరుతో తిరిగి తెరుచుకుంది. ఎక్కడో సముద్రాల అవతల ఒక సంతకం ఆగితే ఇక్కడ రక్తపరీక్ష ఆగిపోయే పరిస్థితి ఉండకూడదు. జిల్లా ఆసుపత్రుల్లో థైరాయిడ్‌కూ చక్కెర జబ్బుకూ మందిచ్చే డాక్టర్లున్నారు. వాళ్లకు ఈ చికిత్సలోనూ శిక్షణ ఇస్తే చాలు, సత్య లాంటివాళ్లు విజయవాడ దాటి వెళ్లనక్కర్లేదు.

మళ్లీ మొదటి ప్రశ్నకు వద్దాం. సగం మోతాదుకి సగం మార్పు రాదు, నెమ్మదైన మార్పు వస్తుంది. ఎక్కడ ఆగాలో మనిషి నిర్ణయించుకోవచ్చు, ఏది ముందు రావాలో నిర్ణయించుకోలేరు. ఆగాక కొన్ని వెనక్కి వెళ్తాయి, కొన్ని ఉండిపోతాయి. ఈ నాలుగు మాటలు ముందే చెప్పే డాక్టరూ, విన్నాక తోడుండే ఇల్లూ ఉంటే నడుమ బతకడం కష్టం కాదు.

చివరగా ఒక్క సంగతి. ఈ అధ్యాయంలో సత్య ఆసుపత్రికి వెళ్లారు, నవ్వారు, మందు ఆపారు. ‘వెళ్లాడు’ అని గానీ ‘వెళ్లింది’ అని గానీ ఒక్కచోటా రాయలేదు. చదవడానికి మీకేమీ అడ్డు తగిలి ఉండదు. హిందీలో ‘నేను వచ్చాను’ అనాలన్నా మగవాళ్లకొక మాట, ఆడవాళ్లకొక మాట. తెలుగులో ‘నేను’కూ ‘నువ్వు’కూ ఆ తేడా లేదు. ఎదుటివాళ్ల గురించి చెప్పేటప్పుడు గౌరవమిస్తే ఆ తేడా అక్కడా పోతుంది. అమ్మ పిలిచే ‘నాన్నా’ కూడా కొడుకుకీ కూతురికీ ఒకటే. మన భాషలో సత్య లాంటివాళ్లకు చోటు ఎప్పటినుంచో ఉంది. వాళ్లు మీ గడప తొక్కితే “వచ్చారా, కూర్చోండి” అనండి. మొదలుపెట్టడానికి అది చాలు.